సెవెన్ ఎలెవెన్ అడ్డా, సర్కారు ఆఫీసు గడప

(హెర్న్‌డన్‌లో మన సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా వచ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. డల్లెస్ ఎయిర్‌పోర్టులో షిఫ్టు మార్చుకుని వచ్చినవాళ్లు, హోటల్ కిచెన్‌లో రెండు గంటలు పర్మిషన్ అడుక్కుని వచ్చినవాళ్లు ఉన్నారు. కాబట్టి చుట్టూ తిప్పకుండా విషయానికి వస్తాం.

'మేము' అంటున్నాం, ఎందుకంటే ఈ మాటలు ఒక్కరివి కావు. హెర్న్‌డన్ చుట్టుపక్కల కట్టడం పనుల్లో ఉన్న తెలుగువాళ్లం ఆరుగురం మూడు ఆదివారాలు కూర్చుని అనుకున్న సంగతులివి. ఇద్దరం సూపర్‌వైజర్లం, ఒకరు టైల్స్ పని, ఒకరు పెయింటర్, ఒకరు ఎలక్ట్రీషియన్ హెల్పర్, ఒకరు సామాను ట్రక్కు డ్రైవర్. మాలో సివిల్ డిప్లొమా చేసినవాడు చదువుతున్నాడు. రోజూ పొద్దున సైట్లో సేఫ్టీ గురించి అరిచి అరిచి, పదిమంది ముందు గొంతు వణక్కుండా మాట్లాడ్డం అతనికే అలవాటు. అంతే తేడా.

మాకిచ్చిన విషయం ఏమిటంటే, పని చూపించే ప్రభుత్వ ఆఫీసులు అందరికీ అందేలా ఉండాలంటే ఏం చెయ్యాలి. పెద్ద మాటలా ఉంది గానీ దీని అసలు కథ ఈ ఊళ్లోనే జరిగింది. మనలో చాలామందికి తెలియదు. మాకూ నిన్నమొన్నటి దాకా తెలియదు.

ఎల్డెన్ స్ట్రీట్ మీద సెవెన్ ఎలెవెన్ ఉంది కదా. తెల్లవారుజామున అటు వెళ్లి చూడండి. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని, కాఫీ కప్పు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. అది అడ్డా అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కూకట్‌పల్లిలో, ఉప్పల్‌లో, ఎల్‌బీ నగర్‌లో టిఫిన్ డబ్బా, తాపీ, పార పట్టుకుని నిలబడేది ఇలాగే. అక్కడ పాలమూరు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు. ఇక్కడ ఎక్కువమంది ఎల్ సాల్వడార్, హోండురాస్, గ్వాటెమాలా వాళ్లు. పికప్ ఆగుతుంది, అద్దం దిగుతుంది, లోపలివాడు రెండు వేళ్లు చూపిస్తాడు. పదిమంది పరిగెత్తుతారు. కాళ్లల్లో సత్తువ ఉన్నవాడు ఎక్కుతాడు. వయసు మళ్లినవాడు, మాట రానివాడు, నిన్న మోకాలికి దెబ్బ తగిలినవాడు మిగిలిపోతాడు. ఎక్కినవాడికీ కూలి ఎంతో సాయంత్రం దాకా ఖాయం కాదు.

2000 తర్వాత ఈ అడ్డా పెరిగింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చెత్త వేస్తున్నారన్నారు, రోడ్డుకు అడ్డం వస్తున్నారన్నారు, ఎక్కడ పడితే అక్కడ మూత్రం పోస్తున్నారన్నారు. ఆ మాటల్లో అబద్ధమేం లేదు. బాత్రూమ్ లేనిచోట వందమందిని ఆరుగంటలు నిలబెడితే ఇంకేం జరుగుతుంది? అప్పటి మేయర్ మైకేల్ ఓరైలీ హయాంలో టౌన్ కౌన్సిల్ ఒక ఆలోచన చేసింది. వీళ్లను తరిమితే ఇంకో మూలకు పోతారు తప్ప మాయం కారు. అలాంటప్పుడు ఊరి అంచున ఒక చోటు ఇచ్చి, పేరు రాసుకుని, వరసలో పెట్టి పని చూపిస్తే సరిపోతుంది కదా అని. 2005 ఆగస్టులో, రోజుల తరబడి జనం మాటలు విన్న తర్వాత, 5-2 ఓట్లతో ఆ తీర్మానం నెగ్గింది. రెస్టన్ ఇంటర్‌ఫెయిత్ అనే సేవాసంస్థ ముందుండి నడిపిన ప్రాజెక్ట్ హోప్ అండ్ హార్మనీ ఆ బాధ్యత తీసుకుంది. ఆ సంస్థనే ఇప్పుడు కార్నర్‌స్టోన్స్ అంటున్నారు. డబ్బు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ఇచ్చింది. పాత పోలీస్ స్టేషన్ ఆవరణలో 2005 డిసెంబర్‌లో హెర్న్‌డన్ అఫీషియల్ వర్కర్స్ సెంటర్ తెరిచారు.

మాకు ఈ సంగతి తెలిసింది మా సైట్లో పనిచేసే ఒక పెద్దాయన వల్ల. ఎల్ సాల్వడార్ మనిషి, ఇటుక పని. ఆ సెంటర్ రోజుల్లో అక్కడికి పోయేవాడట. ఏం గుర్తుంది పెద్దాయనా అని అడిగితే చట్టం, రాజకీయం ఏదీ చెప్పలేదు. "కుర్చీ ఉండేది. బాత్రూమ్ ఉండేది. ఇంగ్లిషు నేర్పేవాళ్లు. నన్ను తీసుకుపోయిన మనిషి పేరు పుస్తకంలో రాసుకునేవాళ్లు" అన్నాడు. ఆ చివరి మాట దగ్గర ఆగి మళ్లీ చెప్పాడు, "ఆయన పేరు కూడా రాసేవాళ్లు" అని. మన పేరు రాసుకునే ఆఫీసులు బోలెడు. మనల్ని పనికి తీసుకుపోయేవాడి పేరు రాసుకునే ఆఫీసు ఎక్కడైనా చూశామా?

ఆ సెంటర్ నడిచింది ఇరవై ఒక్క నెలలు. తెరవకముందే జ్యుడీషియల్ వాచ్ అనే సంస్థ కోర్టుకెక్కింది, అనుమతి కాగితాలు లేనివాళ్లకు పన్ను డబ్బుతో పని చూపించడం చెల్లదని. మినిట్‌మెన్ అని చెప్పుకునేవాళ్లు కెమెరాలు పట్టుకుని, పనివాళ్లను తీసుకెళ్లే బండ్ల ఫోటోలు తీశారు. దేశం మొత్తం టీవీల్లో హెర్న్‌డన్ పేరు మోగింది. 2006 మే ఎన్నికల్లో ఓరైలీ ఓడిపోయాడు, ఆయనతోపాటు సెంటర్‌ను సమర్థించిన కౌన్సిల్ సభ్యులు ఇద్దరు కూడా. స్టీవ్ డెబెనెడిటిస్ మేయర్ అయ్యాడు. కొత్త కౌన్సిల్ ఒకటే అడిగింది: లోపలికొచ్చే ప్రతి మనిషి కాగితాలు చూసే నిర్వాహకుడు కావాలి. ఇంతలో రోడ్డు మీద పని అడగడాన్ని నిషేధించిన టౌన్ ఆర్డినెన్సు వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2007 ఆగస్టులో కౌంటీ కోర్టు కొట్టేసింది. కాగితాలు చూడకుండా సెంటర్ నడపడానికి కౌన్సిల్ ఒప్పుకోలేదు. సెప్టెంబర్‌లో మూసేశారు. జనం మళ్లీ సెవెన్ ఎలెవెన్ దగ్గరికే వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడాది ఆర్థిక మాంద్యం వచ్చి ఇళ్ల కట్టడాలు ఆగిపోయాయి. పెద్దాయన ఆ సంవత్సరం గురించి మాట్లాడడు.

ఇక్కడ మా ఆరుగురి మధ్యే గొడవ జరిగింది. దాచడమెందుకు, చెప్తాం. మాలో ఒకరన్నారు, "మనం ఏళ్లకేళ్లు వీసా లైన్లో నిలబడ్డం, రూపాయి రూపాయి ఫీజు కట్టినం. కాగితం లేనోడికి సర్కారు పని ఎందుకు చూపియ్యాలె?" ఈ మాట ఈ హాల్లో చాలామంది మనసులో ఉంటుంది. తప్పు ప్రశ్న కాదు. ఎవరు ఈ దేశంలో పని చెయ్యొచ్చో తేల్చేది కేంద్రం, దాని చట్టం దానికుంది. కానీ ఇంకో సంగతి చూడండి. పని అయిపోయాక కూలి ఎగ్గొడితే అది ఎవరి కూలి అయినా దొంగతనమే. 1938 నాటి ఫెడరల్ కూలీ చట్టం, అంటే కనీస వేతనం, ఓవర్‌టైం చట్టం, కాగితం ఉన్నా లేకపోయినా చేసిన పనికి వర్తిస్తుంది. ఒక అడ్డాలో ఒకడిని ఎనభై డాలర్లకు దోచుకోగలిగితే, పక్కవాడి రేటు కూడా ఎనభైకే దిగుతుంది. ఆ పక్కవాడు గ్రీన్‌కార్డు ఉన్న మన తెలుగు టైల్స్ మేస్త్రీ కావచ్చు. అయ్యాడు కూడా. ఆయన ఇక్కడే కూర్చున్నాడు.

హెర్న్‌డన్ వాళ్లను వేలెత్తి చూపే ముందు మన ఇంటి సంగతి చూసుకుందాం. డిప్లొమా చేతికి రాగానే మనమంతా ఏం చేశాం? జిల్లా ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజికి పోయి పేరు నమోదు చేయించాం. కార్డు ఇచ్చారు. మూడేళ్లకోసారి రెన్యువల్. మాలో ఒకరు రెండుసార్లు రెన్యువల్ చేయించారు, బస్ చార్జీలు పెట్టుకుని, లైన్లో నిలబడి. కాల్ లెటర్ ఒక్కటి రాలేదు. ఆ కార్డు ఇప్పటికీ వాళ్లమ్మ బీరువాలో భద్రంగా ఉందట, పదో తరగతి మెమోతో కలిపి.

ఆ ఎక్స్చేంజీలు మొదలైంది 1945లో, రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి. 1948లో ఐఎల్ఓ 88వ ఒప్పందం చేసింది, ప్రతి దేశం జనానికి ఉచితంగా పని చూపించే ప్రభుత్వ సేవ నడపాలని. భారతదేశం దాన్ని 1959లో ఒప్పుకుంది. అదే ఏడాది ఖాళీలను ఎక్స్చేంజికి తప్పనిసరిగా తెలపాలనే చట్టం వచ్చింది. ప్రైవేటులో 25 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలకు కూడా అది వర్తించేది. వినడానికి బాగుంది. మరి మినహాయింపులు? వ్యవసాయ పనికి వర్తించేది కాదు. ఇంటి పనికి వర్తించేది కాదు. ఆఫీసులో నైపుణ్యం లేని పనికి వర్తించేది కాదు. మూడు నెలల కంటే తక్కువ కాలం ఉండే పనికి వర్తించేది కాదు.

ఇప్పుడు మీరే లెక్కెయ్యండి. మన అమ్మలు చేసింది నాట్లు, కలుపు. మన అక్కలు హైదరాబాద్ పోయి చేసింది ఇంటి పని. మన నాన్నలు నిలబడింది పొద్దున పోయి సాయంత్రానికి తెగిపోయే అడ్డా కూలి కోసం. పని చూపించే చట్టం రాసినవాళ్లు పని లేక అల్లాడేవాళ్లందరినీ గడప బయటే ఉంచి తలుపేశారు. అందుకే ఆ ఖాళీలోకి మేస్త్రీ వచ్చాడు, గుంపు మేస్త్రీ వచ్చాడు, గల్ఫ్ ఏజెంటు వచ్చాడు. విదేశానికి పంపే లైసెన్సు ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని రూలు ఉంది. ఈ హాల్లో గల్ఫ్ మీదుగా ఇక్కడికొచ్చినవాళ్లు ఉన్నారు. మీరెంత కట్టారో మీరే చెప్పండి. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉంది, విదేశీ ఉద్యోగాలు చూపించడానికే. మన ఊళ్లో ఎంతమందికి ఆ పేర్లు తెలుసు? ఏజెంటు ఇల్లు ఎక్కడంటే మాత్రం చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు.

కాబట్టి మా ఆరుగురికి తేలింది ఇది. హెర్న్‌డన్ సెంటర్ తప్పొప్పులు ఎలా ఉన్నా, రోజు కూలీ అడ్డా మీద ఒక స్థానిక ప్రభుత్వం కప్పు వేసిన అరుదైన సందర్భం అది. ఆఫీసుకు రాలేనివాడి దగ్గరికి ఆఫీసే వెళ్లింది.

ఇక ఇప్పటి సంగతి. అమెరికాలో ప్రభుత్వం పని చూపించే ఏర్పాటు పాతదే. వాగ్నర్-పేసర్ చట్టం 1933లో, మహామాంద్యం నడుస్తుండగా వచ్చింది. ఇప్పుడు ఆ ఆఫీసులను దేశమంతటా అమెరికన్ జాబ్ సెంటర్లు అంటారు, మన రాష్ట్రంలో వర్జీనియా కెరీర్ వర్క్స్ పేరుతో నడుస్తాయి. పని వెతికిపెట్టడం, రెజ్యూమె రాయించడం, అర్హత ఉంటే శిక్షణకు డబ్బు కట్టడం వాళ్ల పని. డబ్బు తీసుకోరు. మన కన్సల్టెన్సీల అలవాటు కొద్దీ 'ఎంత ఇవ్వాలి' అని అడిగి నవ్వులపాలైనవాళ్లు మాలోనే ఉన్నారు.

ఎవరు వెళ్లొచ్చు? 2014లో వచ్చిన చట్టంలో, దాన్ని వీయోవా అంటారు, 188వ సెక్షన్‌లో రాసి ఉంది. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు, ఆశ్రయం పొందినవాళ్లు, ఇంకా పని అనుమతి ఉన్న ఇతర వలసదారులు. అంటే హెచ్-4 వీసా మీద ఉండి ఈఏడీ కార్డు చేతికొచ్చిన మన ఆడవాళ్లు, మగవాళ్లు కూడా ఇందులో వస్తారు. ఈ ఒక్క సంగతి తెలియక ఇంట్లో కూర్చున్న బీటెక్‌లు, డిప్లొమాలు, నర్సింగ్ చదివినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో. మాలో సూపర్‌వైజర్ ఒకరు అలా వచ్చినవాడే. ఇంటావిడ ఉద్యోగం మీద వచ్చి, ఈఏడీ కోసం ఎదురుచూసి, కార్డు రాగానే ప్లాస్టర్ బస్తాలు మోసే పనిలో చేరాడు. ఊళ్లో స్లాబులు వేయించినవాడు ఇక్కడ బస్తాలు మోశాడు. ఓషా పది గంటల సేఫ్టీ కోర్సు ఉందని, ఆ కార్డు ఉంటే సైట్లో మాట చెల్లుతుందని చెప్పింది జాబ్ సెంటర్లో కూర్చున్న ఒక నల్లజాతి పెద్దావిడ. ఆవిడ చెప్పకపోతే ఇంకో రెండేళ్లు బస్తాలే మోసేవాడు.

చట్టంలో తలుపు ఉంది గానీ గడప ఎత్తుగా ఉంది. ఎలాగో చెప్తాం.

మా టైల్స్ మేస్త్రీకి గ్రీన్‌కార్డు ఉంది, ఇంగ్లిషు లేదు. పక్క ఊళ్లో ఒక ఆఫీసుకు పోయాడు. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతామన్నారు, మంచిదే. "ఏ భాష?" అంటే "ఇండియా" అన్నాడు. హిందీ ఆవిడను కలిపారు. ఆవిడ గౌరవంగానే మాట్లాడింది. ఈయనకు సగం అర్థమైంది, మిగతా సగానికి తలూపాడు. తలూపిన చోటల్లా అక్కడ 'ఎస్' అని టిక్ పడింది. గోడౌన్ పనికి, రాత్రి షిఫ్టుకు ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. ఆయనకు రాత్రిపూట కళ్లు సరిగా కనపడవు. రెండోసారి ఏం చేశాడు? బడి ఎగ్గొట్టించి కూతుర్ని తీసుకెళ్లాడు. నాలుగో తరగతి పిల్ల. "మీ నాన్న పాత ఉద్యోగం ఎందుకు పోయింది?" అని అడిగితే ఆ పిల్ల తండ్రి మొహం చూసింది. ఆ సంగతి ఇంట్లో ఆయన ఇంకా చెప్పలేదు.

ఇది చెప్తున్నప్పుడు ఆయన మా ముందు కళ్లు తుడుచుకున్నాడు. మేం ఆ తర్వాత రూల్స్ వెతికాం. 2017 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక శాఖ నిబంధనల్లో స్పష్టంగా ఉంది: ఇంగ్లిషు రానివాళ్లను 'మీ తర్జుమా మనిషిని మీరే తెచ్చుకోండి' అనకూడదు. అత్యవసర పరిస్థితి తప్ప మైనర్ పిల్లల చేత తర్జుమా చేయించకూడదు. దీని వేళ్లు 1964 పౌరహక్కుల చట్టం ఆరో భాగంలో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిషు రాని చైనా పిల్లల కేసులో, లావు వర్సెస్ నికోల్స్ అంటారు, 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టం ప్రకారమే తీర్పు చెప్పింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని. చైనా తల్లిదండ్రులు యాభై ఏళ్ల కింద పోరాడి సంపాదించిన దాన్ని మనం 'ఇండియా' అని ఒక్క మాటతో పోగొట్టుకుంటున్నాం. 'తెలుగు' అనండి. వాళ్లకు వినపడకపోతే ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన చీటీ చూపించండి. ఆ చీటీలు వెనక బల్ల మీద పెట్టాం, పోయేటప్పుడు తీసుకోండి.

పెయింటర్ తమ్ముడి సంగతి ఇంకో రకం. అతనికి పుట్టుకతో వినపడదు. ఆఫీసువాళ్లు నిజంగా మర్యాదస్తులు, సైగల భాష తెలిసిన మనిషిని రప్పించారు. ఆయన చేసేది అమెరికన్ సైగలు. మనవాడు హైదరాబాద్ బడిలో నేర్చుకున్నది ఇండియా సైగలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆఖరికి తమ్ముడు ఫోన్‌లో తెలుగులో టైప్ చేస్తే, అన్న దాన్ని ఇంగ్లిషు చేసి చూపించాడు, అలా గంటన్నర. పని దొరికింది, స్ప్రే పెయింటింగ్. అక్కడ అందరూ చెవులకు మఫ్‌లు పెట్టుకునే పనిచేస్తారు, ఎవరికీ ఏమీ వినపడదు. షాపు మొత్తంలో చేతులతో మాట్లాడ్డం బాగా వచ్చినవాడు మనవాడే అని అతని ఫోర్‌మన్ అంటాడట.

ఇప్పుడు కాలం మళ్లీ మారుతోంది, అదీ చెప్పాలి. ఇంగ్లిషు రానివాళ్లకు ప్రభుత్వ సేవలు అందేలా చూడమని 2000లో ఇచ్చిన అధ్యక్ష ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు, ఇంగ్లిషును అధికార భాషగా ప్రకటిస్తూ. 1964 చట్టం అలాగే ఉంది. కానీ పైనుంచి గట్టిగా అడిగేవాళ్లు లేనప్పుడు కింద కౌంటర్ దగ్గర ఏమవుతుందో మనకు తెలిసిందే. అదే ఏడాది జూలైలో కేంద్ర కార్మిక శాఖ, ఈ సేవలు ఇచ్చే ముందు పని అనుమతి సరిచూడాలని జాబ్ సెంటర్లకు చెప్పింది. 2007లో హెర్న్‌డన్ కౌన్సిల్ ఒక చిన్న షెడ్డు దగ్గర అడిగిన ప్రశ్నే ఇప్పుడు దేశమంతటా అడుగుతున్నారు. ఆ వాదన కోర్టుల్లో ఎటు తేలుతుందో అటు తేలనీ, మనం ఆఫీసుకు పోయేటప్పుడు ఈఏడీనో, గ్రీన్‌కార్డో వెంట తీసుకుపోవాలి. గడువు తేదీ చూసుకోవాలి. రెన్యువల్ నడుస్తుంటే ఆ రసీదు కాగితం కూడా. కాగితాలు చూస్తారన్న భయంతో, కాగితాలు ఉన్నవాళ్లు కూడా పోవడం మానేస్తున్నారని మాకు కనిపిస్తోంది. అది ఆ తలుపు మనంతట మనమే వేసుకోవడం.

ఇక మా గురించి మేం చెప్పుకోవాల్సింది ఒకటుంది. దీన్ని ప్రసంగంలో పెట్టాలా వద్దా అని చివరి ఆదివారం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం.

మూడు చలికాలాల కింద, ఒక బేస్‌మెంట్ పని త్వరగా అవగొట్టాలి. కాంట్రాక్టరు మనవాడే, తెలుగువాడు. మనుషులు తక్కువయ్యారు. మాలో సూపర్‌వైజర్లిద్దరం పొద్దున్నే ఎల్డెన్ స్ట్రీట్‌కు పోయి అద్దం దించి రెండు వేళ్లు చూపించాం. అవును, మేమే. ఒక నడివయసు మనిషి, ఒక కుర్రాడు ఎక్కారు. రెండు రోజులు పాత కాంక్రీటు పగలగొట్టి బకెట్లతో పైకి మోశారు. బేస్‌మెంట్‌కు వెలుతురు లేదు, దుమ్ము. మొదటి రోజు కూలి ఇచ్చాం. రెండో రోజు సాయంత్రం కాంట్రాక్టరు ఫోన్‌లో అన్నాడు, "సగమే ఇయ్యి, పని సగం మిగిలింది కద, మిగతాది రేపు". ఆ రేపు రాలేదు. ఇంటి యజమానికీ కాంట్రాక్టరుకూ గొడవై పని ఆగిపోయింది. మేం నోరెత్తలేదు. మా జీతం కూడా ఆయన దగ్గరే రావాలి.

వారం తర్వాత మనసు ఊరుకోక, మా జేబులోంచి ఆ డబ్బు తీసుకుని సెవెన్ ఎలెవెన్ దగ్గరికి పోయాం. ఎవరని అడుగుతాం? పేర్లు మేం అడగలేదు. ఫోన్ నంబరు తీసుకోలేదు. నడివయసాయనకు ఎడమ కనుబొమ మీద మచ్చ ఉందని తప్ప మాకేం తెలియదు. మమ్మల్ని చూసి, పని ఉందేమోనని పదిమంది మీదికొచ్చారు. మచ్చ గురించి అడిగితే పోలీసులమేమోనని వెనక్కి జరిగారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పోయాం.

ఆ ఇటుక పని పెద్దాయన "ఆయన పేరు కూడా రాసేవాళ్లు" అన్నది మాకు అర్థమైంది అప్పుడే. ఆ పుస్తకం ఉండి ఉంటే అందులో మా పేర్లు ఉండేవి. వాళ్లే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వెలుతురు లేని బేస్‌మెంట్లో మేం నోరు మూసుకోగలిగినంత తేలిగ్గా, ఒక బల్ల ముందు, పుస్తకం ముందు మూసుకోగలిగేవాళ్లం కాదు.

అందుకని మేం ఇద్దరం ఒకటి మొదలుపెట్టాం, మిగతా తెలుగు సూపర్‌వైజర్లను, చిన్న కాంట్రాక్టర్లను కూడా అడుగుతున్నాం. రోజు కూలికి ఎవరిని తీసుకున్నా బండి ఎక్కక ముందే ఒక చీటీ రాసి వాళ్ల చేతిలో పెడుతున్నాం. మా పేరు, మా ఫోన్ నంబరు, కాంట్రాక్టరు పేరు, సైటు చిరునామా, గంటకు ఎంత, మొదలుపెట్టిన టైము. స్పానిష్‌లో అచ్చేయించిన చీటీ, ఖాళీలు నింపడమే. మొదటిసారి ఇస్తే ఒకతను అది టికెట్టేమో, డబ్బు కట్టాలేమో అనుకుని తీసుకోనన్నాడు. కొందరు కాంట్రాక్టర్లు 'లేనిపోని తలనొప్పి' అంటున్నారు. ఎవరికి తలనొప్పో వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. కూలి ఎగ్గొడితే నేరుగా కోర్టుకు పోయే హక్కు వర్జీనియాలో 2020 జూలై నుంచి పనివాడికి ఉంది. ఆ చీటీ రేపు ఆ మనిషి చేతిలో సాక్ష్యం. మా మీద కూడా.

జాబ్ సెంటర్ వాళ్లతో మాట్లాడే పని వేదిక తీసుకోవాలని కోరుతున్నాం. మనం అడగాల్సినవి పెద్ద కోరికలు కావు. ఫోన్ ఇంటర్‌ప్రెటర్ జాబితాలో తెలుగు ఉందో లేదో కనుక్కుని ఉంటే గోడ మీద తెలుగులో ఒక లైను రాయించడం. సాయంత్రం ఒక్క రోజైనా ఆఫీసు తెరిచి ఉంచడం, ఎందుకంటే రోజు కూలివాడికి, కిచెన్‌లో పనిచేసేవాడికి పగలు సెలవు అడగడమంటే ఆ రోజు డబ్బు వదులుకోవడమే. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి 'అకౌంట్ తెరుచుకో' అని వెళ్లిపోకుండా, మౌస్ పట్టని చేతికి పక్కన ఒక మనిషి ఉండడం. బస్సు కూడా ఒక మాటే. 2022 నవంబర్ నుంచి హెర్న్‌డన్‌కు సిల్వర్ లైన్ మెట్రో వచ్చింది గానీ, మెట్రో దిగాక ఆఫీసు దాకా నడిచి చూసిన అధికారి ఎవరైనా ఉన్నారా అని అడగాలి. టౌన్ కౌన్సిల్ మీటింగుల్లో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. 2005లో చాలామంది మాట్లాడారు, అటూ ఇటూ. ఆ రోజుల్లో ఆ హాల్లో తెలుగు గొంతు ఒక్కటైనా వినపడిందో లేదో. ఈసారి వినపడాలని మా కోరిక.

వచ్చే నెల మొదటి శనివారం పొద్దున పదింటికి మా ఆరుగురిలో ముగ్గురం హెర్న్‌డన్ ఫోర్ట్‌నైట్లీ లైబ్రరీలో కూర్చుంటాం. జాబ్ సెంటర్ ఫారం నింపాలనుకునేవాళ్లు కార్డు, పాత పని వివరాలు, ఊళ్లో చదివిన సర్టిఫికెట్ల కాపీలు తెచ్చుకోండి. ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజి కార్డు మాత్రం అక్కర్లేదు. పిల్లల్ని తర్జుమా కోసం తీసుకురాకండి. బొమ్మల పుస్తకాల గది ఉంది, ఆడుకోవడానికైతే తీసుకురండి.